శాండర్‌కు, ట్రిమ్మర్‌కు తక్కువ ఖర్చులో దుమ్ము పీల్చే పైపు: చిన్న షెడ్డు కోసం సమగ్ర మార్గదర్శి

వడ్రంగం షెడ్డులో దుమ్ము పీల్చే ఏర్పాటు అనగానే ఎంత పెద్ద వాక్యూమ్ క్లీనర్ కొనాలా అని లెక్కలు మొదలుపెడతాం. అసలు చిక్కు పైపు రెండు కొసల దగ్గర ఉంటుంది. శాండర్ (ఉప్పుకాగితం పట్టే మెషిన్) నోరు, అంటే దుమ్ము బయటికి వచ్చే గొట్టం, ఒక కొలత, ట్రిమ్మర్ (అంచులు చెక్కే మెషిన్) నోరు ఇంకో కొలత, వాక్యూమ్‌తో వచ్చిన పైపు మూడో కొలత. మధ్యలో టేపు చుట్టి ఎలాగో నెట్టుకొస్తాం. పని మధ్యలో అది ఊడిపోతుంది. విసుగొచ్చి పైపు పక్కన పడేసి, ముక్కుకు తువ్వాలు కట్టుకుని కానిచ్చేస్తాం.

కంపెనీ యాంటీస్టాటిక్ పైపు, అంటే రాపిడికి పుట్టే స్టాటిక్ కరెంటు నిలవని పైపు, కొంటే ఈ బాధ తీరుతుంది. కానీ దాని ధర వేలల్లో ఉంటుంది, పైగా దాని కొస చాలాసార్లు ఆ కంపెనీ మెషిన్లకే అతుకుతుంది. మీటర్ల లెక్కన అమ్మే మామూలు వాక్యూమ్ పైపు తెచ్చుకుని, కొసలు మాత్రం మన చేత్తో సరిగ్గా చేసుకుంటే అందులో చిన్న వంతు ఖర్చుతో పని జరిగిపోతుంది. అందుకే ఇక్కడ ఎక్కువ భాగం ఆ కొసల గురించే చెబుతాను.

తువ్వాలు సంగతి కూడా ఒక మాట. కంటికి కనిపించే పొట్టును తువ్వాలు ఆపుతుంది, ఊపిరితిత్తుల దాకా పోయే సన్నటి దుమ్మును ఆపదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 1995లో వెలువరించిన సంపుటంలోనే కలప దుమ్మును గ్రూపు 1లో, అంటే మనుషులకు క్యాన్సర్ కలిగిస్తుందని రుజువైన వాటిలో చేర్చింది. ముక్కు లోపల, ముక్కు పక్క గాలి గదుల్లో వచ్చే క్యాన్సర్ల గురించి ఆ హెచ్చరిక. శ్రీకాళహస్తి దగ్గరి మాధవమాలలో దేవుడి బొమ్మలు చెక్కేవాళ్ళకు ఉలి పనిలో రాలేది చాలావరకు పెద్ద పెచ్చులే. సన్న దుమ్ము లేచేది ఉప్పుకాగితం పట్టేటప్పుడు. మన షెడ్డుల్లో అదే పని మెషిన్ చేస్తుంది, కాబట్టి దుమ్ము ఇంకా ఎక్కువ. ఎండీఎఫ్ (కలప పీచును జిగురుతో అదిమి చేసే పలక) అయితే కలపతో పాటు జిగురు కూడా పొడై లేస్తుంది.

ఏ పైపు తేవాలి

లోపలి వ్యాసం 32 మిల్లీమీటర్లు ఉన్న ఈవీఏ (మెత్తగా వంగే ఒక రకం ప్లాస్టిక్) వాక్యూమ్ పైపు తీసుకోండి. బయట మర లాంటి గీతలున్నా లోపల వేలు పెడితే దాదాపు నున్నగా తగలాలి. వాక్యూమ్ క్లీనర్లు రిపేరు చేసే షాపుల్లో, ఆన్‌లైన్‌లో మీటర్ల లెక్కన ఇస్తారు. నలుపు రంగు ఉన్నంత మాత్రాన అది యాంటీస్టాటిక్ అయిపోదు. కార్బన్ కలిపిన పైపైతేనే ఆ గుణం ఉంటుంది, కొనేముందు అడగండి.

ఇంట్లో ఉన్నదాంతో సర్దుకుందాం అనుకునేవాళ్ళు మామూలుగా మూడింటి మీద పడతారు. వాషింగ్ మెషిన్ నీళ్ళు పోయే పైపు ఒకటి. దాని లోపల కూడా మడతలుంటాయి, ప్రతి మడత దగ్గర గాలి తట్టుకుంటుంది, పొట్టు నిలుస్తుంది. రెండోది బోరు మోటార్లకు వాడే పచ్చ సక్షన్ పైపు. గట్టిది, నలగదు, కానీ బరువుకు శాండర్‌ను పక్కకు లాగేస్తుంది. మూడోది తోటకు నీళ్ళు పెట్టే పైపు, అది మరీ సన్నం. మూడూ వద్దు.

మరి 32 ఎందుకు, ఇంకా లావుది ఎందుకు కాదు? కలప దుమ్ము పైపులో ఎక్కడా ఆగకుండా పోవాలంటే గాలి సెకనుకు సుమారు 20 మీటర్ల వేగంతో కదలాలి. 32 పైపులో ఆ వేగానికి సెకనుకు 16 లీటర్ల గాలి చాలు. 38 పైపుకు దాదాపు 23 లీటర్లు, 50 పైపుకు 39 లీటర్లు కావాలి. వాక్యూమ్ క్లీనర్ గట్టిగా పీలుస్తుంది కానీ ఎక్కువ గాలిని లాగలేదు. పెట్టె మీద రాసిన గాలి అంకె పైపూ ఫిల్టరూ లేనప్పటిది, పైపు చివర దక్కేది అందులో కొంతే. దానికి నాలుగు అంగుళాల పైపు తగిలిస్తే గాలి నీరసంగా నడిచి పొట్టు అడుగునే పడిపోతుంది. అలాగని మరీ సన్నం చేస్తే రాపిడి పెరిగి గాలే తగ్గుతుంది. శాండర్, ట్రిమ్మర్‌లకు 32 సరిపోతుంది. రందా మెషిన్ మాత్రం వేరు. దాని సుడుల పొట్టు 32 పైపులో ఇరుక్కుంటుంది, దానికి 38 వాడాలి.

పొడవు నాలుగు మీటర్లు దాటనివ్వకండి. పొడవు పెరిగినకొద్దీ పీల్పు తగ్గుతుంది. షెడ్డు పెద్దదైతే పైపును సాగదీయడం కన్నా వాక్యూమ్‌ను చక్రాల పలక మీద పెట్టి వెంట లాక్కెళ్ళడం మేలు.

32 ఎంచుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది, నా దృష్టిలో అదే పెద్దది. మన ప్లంబింగ్ షాపుల్లో దొరికే పీవీసీ పైపుల్లో 32 మిల్లీమీటర్లు అనేది బయటి కొలత. అంటే ఆ పైపు ముక్క ఈ వాక్యూమ్ పైపు లోపలికి బిగుతుగా దూరుతుంది. వేరే ఏ విడిభాగమూ కొనక్కర్లేదు. తిరుపతిలో గాంధీ రోడ్డు, తిలక్ రోడ్డు వైపు హార్డ్‌వేర్ షాపుల్లో నీళ్ళ పైపుల తునకలు అడిగితే ఇస్తారు. అయితే 'ఇంచు పైపు' అని అడగొద్దు. ఆ పేరుతో షెడ్యూల్ 40 రకం చేతికొస్తే దాని బయటి కొలత 33.4 ఉంటుంది. టేపు పట్టుకెళ్ళి బయటి వ్యాసం 32 అని చూసుకుని తెచ్చుకోండి.

తెచ్చుకోవాల్సినవి ఇంతే: నాలుగు మీటర్ల ఈవీఏ పైపు, అర మీటరు 32 పీవీసీ పైపు, రెండు స్టీలు హోస్ క్లిప్పులు, పాత సైకిల్ ట్యూబు ముక్క, రెండు పాత నూలు లుంగీలు. పనిముట్లు హ్యాక్సా బ్లేడు, ఆకురాయి, నీళ్ళు మరిగించడానికి పాత గిన్నె. హీట్ గన్ ఉంటే సులువు, లేకపోయినా పని ఆగదు.

కొలత తీయడం

మెషిన్ నోటిని వెర్నియర్‌తో కొలవండి. లేకపోతే సన్నటి కాగితం పట్టీ నోటి చుట్టూ ఒకసారి బిగువుగా చుట్టి, కలిసిన చోట పెన్సిల్ గీత పెట్టి, ఆ పొడవును 3.14తో భాగించండి. పట్టీ 110 మిల్లీమీటర్లు వస్తే నోరు 35 అన్నమాట. చాలా నోళ్ళు చివర సన్నగా, మొదట్లో లావుగా ఉంటాయి, కాబట్టి రెండు చోట్లా కొలవండి. తేడా ఒక మిల్లీమీటరున్నా రాసుకోండి, ఆ తేడాయే తర్వాత పట్టు ఇస్తుంది.

మన కొస ఆ నోటి మీదికి ఎక్కాలా, లోపలికి దూరాలా అన్నది కూడా ఇప్పుడే చూసుకోవాలి. ఎక్కాల్సినదైతే పీవీసీ పైపును వెడల్పు చేయాలి. దూరాల్సినదైతే సైకిల్ ట్యూబుతో లావు చేయాలి.

దిమ్మ చేయడం

మెత్తబడిన పీవీసీని నేరుగా మెషిన్ నోటి మీదికే నొక్కేయాలని చూసేవాళ్ళున్నారు. ఆ వేడికి మెషిన్ ప్లాస్టిక్ వంకర పోయిందంటే కొత్త భాగం దొరకడం కష్టం. అదే కొలతకు కట్టె దిమ్మ ఒకటి చేసుకోవాలి. టేకు తునకో, వేప తునకో చాలు. లేత్ ఉంటే మంచిది, లేకపోతే చిత్రికతో ఎనిమిది పలకలుగా చెక్కి ఆకురాయితో గుండ్రం చేసి, చివర ఉప్పుకాగితం పట్టండి.

దిమ్మ పొడవు 80 మిల్లీమీటర్లు. అందులో 40 మిల్లీమీటర్ల మేర మెషిన్ నోటి వాలు రావాలి. పైపులో మొదట దూరే కొస 27 దగ్గర మొదలై మెల్లగా లావెక్కాలి, ఒక్కసారిగా మెట్టులా ఉంటే పీవీసీ చీలుతుంది. నోటి కొలత కన్నా దిమ్మను అర మిల్లీమీటరు తక్కువ చేయండి. బిగుతు ఎక్కువైతే ఉప్పుకాగితంతో తర్వాత తగ్గించుకోవచ్చు, వదులైతే మళ్ళీ వేడి చేసి మొదటికి రావాల్సిందే. పూర్తయ్యాక కొవ్వొత్తి రుద్దండి, చల్లారాక దిమ్మ సులువుగా ఊడొస్తుంది.

నోరు 36 దాటితే 32 పైపును అంతగా సాగదీయొద్దు, గోడ పలచబడుతుంది. 40 నుంచి 32కు తగ్గించే రెడ్యూసర్ ఒకటి తెచ్చి, దాని పెద్ద వైపు 40 పైపు తునక అతికించి, ఆ తునకను దిమ్మ మీద సర్దండి.

కొస దించడం

పీవీసీ పైపును 120 మిల్లీమీటర్ల పొడవు కోయండి. కోత నిటారుగా రావాలంటే కాగితం పైపు చుట్టూ చుట్టి, కాగితం అంచు వెంట గీత పెట్టుకుంటే చాలు. లోపలి అంచును ఆకురాయితో ఏటవాలుగా అరగదీయండి. ఇది అందం కోసం చేసే పని కాదు. నిలువు అంచు ఉంటే పొడుగాటి పొట్టు పోగు మొదట అక్కడే అడ్డం పడుతుంది, దాని వెనక మిగతాదంతా చేరి పైపు మూసుకుపోతుంది.

గిన్నెలో నీళ్ళు తెర్లుతుండగా పైపు కొసను 50 మిల్లీమీటర్ల దాకా ముంచి రెండు మూడు నిమిషాలు ఉంచండి. పీవీసీ 80 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, కాబట్టి మరిగే నీళ్ళు చాలు. పట్టకారుతో మెల్లగా నొక్కితే రబ్బరులా లొంగాలి. చేతులకు తోలు గ్లౌజులు వేసుకుని, బయటికి తీసిన వెంటనే దిమ్మను నిటారుగా, కొంచెం తిప్పుతూ లోపలికి దించండి. మీకు దొరికే సమయం పది పదిహేను సెకన్లే. సగంలో బిగుసుకుంటే బలవంతం చేయకుండా దిమ్మతో సహా మళ్ళీ నీళ్ళలో పెట్టండి. పూర్తిగా దిగాక తడిగుడ్డ చుట్టి చల్లారనివ్వండి.

హీట్ గన్ వాడేవాళ్ళు దాన్ని తిప్పుతూ ఉండాలి. పైపు గోధుమ రంగుకు తిరిగితే మాడుతున్నట్టే. అందులోంచి వచ్చే ఆవిరిలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది, గొంతు మండుతుంది. ప్లంబర్లు మంట మీద కాల్చి సాకెట్ చేస్తారు కదా అని మీరూ షెడ్డులో పొట్టు పక్కన మంట పెట్టకండి.

ఒక సంగతి గుర్తుంచుకోండి. పీవీసీకి పాత ఆకారం జ్ఞాపకం ఉంటుంది. మళ్ళీ అంత వేడి తగిలితే వెనక్కి ముడుచుకుంటుంది. నీటిలో మరిగించిన పైపు తిరుపతి మే నెల ఎండకు మామూలుగా ఏమీ కాదు కానీ, రేకుల షెడ్డు కప్పుకు ఆనించి వేలాడదీయడం, ఎండలో ఆటో మీద వదిలేయడం మంచిది కాదు. వేసవిలో ఇన్సులేషన్ టేపు జిగురు కారిపోయేది కూడా ఆ వేడికే. టేపుతో కొసను లావు చేయొద్దని నేను అంటున్నది ఈ అనుభవంతోనే. లోపలికి దూరాల్సిన కొసకు 30 మిల్లీమీటర్ల వెడల్పు సైకిల్ ట్యూబు ముక్కను తొడగండి. ఒక పొర చాలకపోతే రెండోది వేయండి. రబ్బరు కాబట్టి శాండర్ వణుకుడుకు కూడా జారదు.

పైపుకు బిగించడం

ఈవీఏ పైపు కొసను ఒక నిమిషం వేడినీళ్ళలో ముంచి, పీవీసీ ముక్క రెండో కొసకు సబ్బునీళ్ళు రాసి, మర తిప్పినట్టు తిప్పుతూ ఎక్కించండి. 40 మిల్లీమీటర్ల మేర ఎక్కాలి. కొన్ని పైపుల గీతలు ఎడమ మర, కుడివైపు తిరగకపోతే ఎడమకు తిప్పి చూడండి. హోస్ క్లిప్ గీతల మధ్య పల్లంలో కూర్చోవాలి. స్క్రూ తల పనిచేసే చేతి వైపు రాకుండా తిప్పండి, లేదంటే మొదటి రోజే వేలు కోసుకుంటుంది.

పీవీసీ ముక్క లోపలి వ్యాసం సుమారు 28 మాత్రమే ఉంటుంది. చిన్న ముక్కే కాబట్టి దానివల్ల పోయే పీల్పు తక్కువ. నాలుగు మీటర్లూ 28 అయితే తేడా బాగా తెలుస్తుంది.

మెషిన్ వైపు కొస ఊడకుండా ఉండాలి, కానీ చేత్తో తిప్పితే తిరగాలి. పూర్తిగా బిగిస్తే పైపు మెలిపడిన ప్రతిసారీ ఆ మెలి మీ మణికట్టు మీద పడుతుంది. అందుకే అక్కడ గమ్ము రాయకండి. వాక్యూమ్ వైపు కొస కూడా ఇదే పద్ధతిలో చేయండి, అక్కడ ఎంత గట్టిగా ఉన్నా ఇబ్బంది లేదు.

గాలి కిటికీ

ఆర్బిటల్ శాండర్‌కు పీల్పు మరీ ఎక్కువైతే అది చెక్కకు అతుక్కుపోతుంది, మెషిన్ బరువెక్కినట్టు ఉంటుంది, పాలిష్ వేశాక గుండ్రటి గీతలు బయటపడతాయి. దీనికి మందు సులువే. పీవీసీ ముక్కలో పక్కన 8 మిల్లీమీటర్ల రంధ్రం వేయండి. అదే 32 పైపు నుంచి 20 మిల్లీమీటర్ల ఉంగరం కోసి, దాన్ని నిలువునా చీల్చి, ఆ రంధ్రం మీదికి తొడగండి. చీలిన ఉంగరం స్ప్రింగులా పట్టుకుంటుంది. శాండర్ పట్టేటప్పుడు చీలికను రంధ్రం మీదికి తిప్పితే కొంత గాలి అక్కడినుంచి పోతుంది. ట్రిమ్మర్‌కు మూసేయండి. ఈ వసతి ఖరీదైన వాక్యూమ్‌లలో నాబ్ రూపంలో ఉంటుంది.

లుంగీ తొడుగు

పైపు గీతలు ప్లైవుడ్ అంచుకు తట్టుకుంటాయి, సన్‌మైకా షీటు మీద గీతలు పడేస్తాయి. మెషిన్ వైరు వేరే దారిన పోతూ కాళ్ళకు అడ్డం వస్తుంది. రెండింటినీ కలిపి బట్ట తొడుగులో వేస్తే రెండు బాధలూ తీరతాయి. లుంగీని 18 సెంటీమీటర్ల వెడల్పు పట్టీలుగా చించి, కొసలు కలిపి, మొత్తం నాలుగున్నర మీటర్ల గొట్టంగా కుట్టించండి. 32 పైపు, పక్కన మెషిన్ వైరు కలిపితే చుట్టుకొలత 13 సెంటీమీటర్ల పైచిలుకు. మిగతాది కుట్టుకూ, వదులుకూ. వీధి చివర టైలరైతే పది నిమిషాల పని. పాలిస్టర్ లైనింగ్ బట్ట ఇంకా నున్నగా జారుతుంది కానీ స్టాటిక్ పెంచుతుంది, నూలుదే నయం.

వైరును పైపు లోపలినుంచి పంపే ఆలోచన మాత్రం అసలు వద్దు. పొట్టు రాపిడికి దాని తొడుగు అరిగిపోతుంది.

షాకు, కరెంటు

ఎండాకాలంలో గాలి పొడిగా ఉన్నప్పుడు ప్లాస్టిక్ పైపులో దుమ్ము రాసుకుని స్టాటిక్ పుడుతుంది. చేతికి చుర్రుమని కొడుతుంది. నవంబరు వానల్లో ఈ గొడవ దాదాపు కనిపించదు. ఇంత చిన్న పైపులో ప్రమాదం కన్నా చిరాకే ఎక్కువ, అయితే ఉలిక్కిపడి చేయి జారితే తిరుగుతున్న బిట్టు పక్కన ఉంటుంది. పైపు గీతల పల్లంలో సన్నటి రాగి తీగ చుట్టి, వాక్యూమ్‌కు లోహపు బాడీ, మూడు పిన్నుల ప్లగ్గు ఉంటే ఆ బాడీకి కలపండి. ప్లాస్టిక్ బాడీ అయితే ఎర్త్ పాయింటు ఎలక్ట్రీషియన్ చేతే పెట్టించుకోండి. సాకెట్‌లో తీగ గుచ్చే పనులు వద్దు. బయట చుట్టిన తీగ స్టాటిక్‌ను పూర్తిగా తీసేయదు, కొంత తగ్గిస్తుంది.

ఇక లోడు. వాక్యూమ్ 1,200 నుంచి 1,400 వాట్లు, నాలుగు అంగుళాల కట్టింగ్ మెషిన్ కూడా దాదాపు అంతే. రెండూ కలిపితే 230 వోల్టుల దగ్గర 10 నుంచి 12 ఆంపియర్లు లాగుతాయి. 6 ఆంపియర్ల బోర్డు మీద ఎక్స్‌టెన్షన్ వేసి రెండూ నడిపితే ప్లగ్గు మెత్తబడుతుంది. 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గు వాడండి. ముందు వాక్యూమ్, తర్వాత మెషిన్. ఆపేటప్పుడు ముందు మెషిన్, పైపులో మిగిలిన పొట్టు లోపలికి పోయాక వాక్యూమ్.

లీకు చూడటం

అగరబత్తి పొగతో చూడమని చెప్పేవాళ్ళుంటారు. నిప్పురవ్వ పొట్టు సంచిలోకి పోతే గంట తర్వాత రాజుకోవచ్చు. చిటికెడు విభూతి అతుకుల దగ్గర పట్టుకుని మెల్లగా రాల్చండి, లీకు ఉంటే లోపలికి గుంజుకుంటుంది. తర్వాత అరచేతితో మెషిన్ వైపు కొసను మూసి చూడండి. వాక్యూమ్ శబ్దం వెంటనే మారి సన్నగా పలకాలి. మారకపోతే గాలి ఎక్కడో దొంగదారిన పోతోంది.

కట్టింగ్ మెషిన్‌కు నోరు ఉండదు. గార్డు వెనక భాగంలో పొట్టు చిమ్మే చోట రేకుతో చిన్న గూడు కట్టి పైపు పెట్టొచ్చు, కానీ గార్డుకు రంధ్రాలు వేయడం, దాన్ని కోయడం చేయకండి. ఎంత బాగా కట్టినా కొంత దుమ్ము బయటికి వస్తూనే ఉంటుంది. ఎన్95 మాస్కు తప్పదు.

సంచి మాటిమాటికీ నిండుతుంటే వాక్యూమ్‌కు ముందు మూత గట్టిగా పట్టే 20 లీటర్ల పెయింట్ బకెట్ పెట్టండి. లోపలికి వచ్చే ఎల్బో బకెట్ గోడ వెంట తిరిగేలా, బయటికి పోయేది మూత నడిమధ్యలో ఉండాలి. బరువు పొట్టు బకెట్‌లోనే రాలిపోతుంది, ఫిల్టర్ ఎక్కువ రోజులు నిలుస్తుంది. పలచటి బకెట్ వద్దు. పైపు ఎక్కడైనా మూసుకుపోతే అది లోపలికి నొక్కుకుపోతుంది.

పీల్చకూడనివి

ఇనుము గ్రైండింగ్ దగ్గరికి ఈ పైపును తీసుకెళ్ళకండి, రవ్వలు సంచిలోని పొట్టును అంటిస్తాయి. థిన్నర్ ఆరని పాలిష్ మీద శాండర్ పట్టి ఆ పొడిని పీల్చకండి. తడి పొట్టు పీల్చిన రోజు పైపును విప్పి ఫ్యాను కింద వేలాడదీయండి, లేకపోతే లోపల అట్టకడుతుంది.

గ్రానైట్ సంగతి వేరే చెప్పాలి. కుప్పం వైపు రాయి మన జిల్లాల్లో చాలా ఇళ్ళ వంటగట్టు మీద ఉంటుంది, దాన్ని కోసేది కూడా ఇదే నాలుగు అంగుళాల మెషిన్. రాతి దుమ్ములో ఊపిరితిత్తులను దెబ్బతీసే సిలికా అనే ఖనిజం ఉంటుంది. మామూలు వాక్యూమ్ ఫిల్టర్ అందులోని అతి సన్నటి రేణువులను పట్టలేదు, వెనకనుంచి మళ్ళీ గదిలోకే ఊదేస్తుంది. రాయి కోయాల్సి వస్తే దానికోసమే తయారైన తడి కోత మెషిన్‌తో, నీళ్ళు పోస్తూ, ఆరుబయట కోయించండి. ఆ పాయింటుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు) ఉందో లేదో ముందు చూసుకోండి.